మూత్రం రిపోర్టు ఏమైంది, శేఖర్?

చిరంజీవి శేఖర్‌కు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. కొత్తావకాయ జాడీకెత్తాను. నీకు పంపేది చిన్న సీసాడే. రోజు మొత్తానికి ఉప్పు చెంచాడు, అంటే 5 గ్రాములు, దాటకూడదు. ఆవకాయా అప్పడమూ ఒకే పూట వద్దు.

మొన్న చిన్ని నోరు జారింది. మోకాలి నొప్పికి నెలనుంచీ మందులషాపులో డైక్లోఫెనాక్ కొని మింగుతున్నావట. షుగరున్నవాడివి, ఆ మాత్ర కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తుంది. బీపీకి వేసుకునే టెల్మిసార్టాన్‌తో కలిస్తే మరీ ప్రమాదం. అలాగని టెల్మిసార్టాన్ మానేసేవు! కిడ్నీని కాపాడేది అదే.

మేడమీద ట్యాంకు మార్పించారు నాన్నగారు. కరివేపాకు చిగురేసింది.

రాజమండ్రి మామయ్య సంగతి నీకు సగమే తెలుసు. ఇరవయ్యేళ్ళ షుగరు ఒక ఏడు ఉన్నట్టుండి దిగడం మొదలెట్టింది. ఇన్సులిన్ 40 యూనిట్ల నుంచి 24కి, ఆపైన 16కి తగ్గించారు. నయమవుతోందని అత్తయ్య అన్నవరంలో వ్రతం కూడా చేయించింది. తెల్లవారుజామున చెమటలు పట్టి లేచేవాడు. నయం కాదు నాన్నా అది. వేసుకున్న ఇన్సులిన్‌ను వదిలించే పనిలో కిడ్నీలకు పెద్ద వాటా ఉంది. అవి చెడితే మందు ఒంట్లోనే ఎక్కువసేపు నిలిచి షుగరు పడిపోతుంది. సాయంత్రం చెప్పులు విప్పితే పాదం మీద పట్టీ అచ్చు గుంటలా దిగి ఉండేది, ఎంతసేపటికీ పూడేది కాదు. ఎండకు నీరొచ్చిందనుకున్నారు. రక్తపరీక్ష చేయించేసరికి క్రియాటినిన్, అదే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, 6.8కి పేరుకుపోయి ఉంది. ఇప్పుడు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్. డయాలసిస్ కోసం ఎడమచేతిలో రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు, ఫిస్టులా అంటారు, దాని మీద వేలు పెడితే జుమ్మంటుంది. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టనివ్వడు, డయాలసిస్‌కు తప్ప సూది గుచ్చనివ్వడు.

నీ క్రియాటినిన్ 1.0 అని ధీమాగా ఉన్నావు. కిడ్నీ పని సగం పోయేదాకా కూడా అది మామూలుగానే కనబడొచ్చు. షుగరు, బీపీ కలిసి కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్న నాళాల గుత్తుల్ని చెడగొడితే ముందుగా మూత్రంలోకి జారేది అల్బుమిన్ అనే ప్రొటీన్. అప్పటికి నొప్పుండదు, వాపుండదు. అందుకే ఏడాదికోసారి మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చూపించుకోమన్నాను. సంక్రాంతికి అడిగితే ‘చేయిస్తాలే’ అన్నావు, ఉగాదికి మాట మార్చావు.

పొద్దున లేవగానే పోసిన మూత్రం ఇవ్వు. జ్వరం ఉన్నప్పుడు వద్దు. ముందురోజు జిమ్ము వద్దు, లేకపోతే అల్బుమిన్ ఎక్కువగా చూపిస్తుంది. ఆ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపుంటే సరే. 30 నుంచి 300 మధ్య వస్తే మూడు నుంచి ఆరు నెలల్లోపు మళ్ళీ చేయించి, మూడింట రెండుసార్లు అలాగే వస్తేనే ఖాయం. ఆ దశలో మందులతో, బీపీ 130/80 లోపు ఉంచి చాలావరకు నెమ్మదింపజేయొచ్చు. కిడ్నీలు ఎంత వేగంగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ కూడా రాయించుకో.

కోప్పడుతున్నానని ఫోన్ పెట్టెయ్యకు. మోకాలికి కాపడం పెట్టుకుని ఎముకల డాక్టరుకు చూపించు, షుగరు సంగతి ముందే చెప్పు. మిగిలిన డైక్లోఫెనాక్ మాత్రలు చిన్ని చేతికిచ్చెయ్.

సీసా శనివారం బస్సులో వస్తుంది. మూత బిగించి గుడ్డ కట్టాను, నిలబెట్టి తీసుకో. రిపోర్టు వచ్చినరోజే ఫొటో పంపు. నోటితో నంబరు చెప్పడం కాదు, నాకు కాగితం కనబడాలి.

అమ్మ