అమ్మ ఇంటి రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆ జిరాక్స్ షాపు ఆవిడకు దండం

బెంగళూరు రామమూర్తి నగర్‌లోని మా ఇల్లు అమ్మేశాం, ఇవాళ మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ పూర్తయింది. నాన్న 1994లో అమ్మ పేరున కొన్న 30×40 అడుగుల సైటు, ఆ తర్వాత చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక్కో గదీ వేసుకుంటూ వచ్చిన ఇల్లు. కాళ్లు పీకేస్తున్నాయి, కానీ ఇది రాయకుండా పడుకుంటే నాకు నిద్ర పట్టదు.

అన్న హైదరాబాద్ నుంచి వచ్చి సంతకాలు పెట్టాడు. మావారు బాత్రూం గోడ చెమ్మ బాగుచేయించడం, రంగులు, పాత సామాను పంపేయడం చూసుకున్నారు. వదిన పిల్లల్ని పట్టుకుంది. వాళ్లకు ఇంట్లోనే చెప్పుకుంటాను.

నేను చెప్పాల్సింది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా జిరాక్స్, టైపింగ్ షాపు నడుపుకునే ఒకావిడ గురించి. పేరు రాయొద్దన్నారు. ఆంధ్ర సరిహద్దున ఉన్న బాగేపల్లి వైపు మనిషి, తెలుగు మనింట్లో మాట్లాడినట్టే మాట్లాడతారు. పోయిన వారం క్రయపత్రం డ్రాఫ్టు కాపీలు తీయించడానికి అమ్మతో వెళ్లాను. పత్రం ఇంగ్లీషులో ఉంది. అందులో ఏం రాశారని అమ్మ అప్పటికే ఏజెంటునూ అడిగింది, లాయరునూ అడిగింది. "అన్నీ చూశాం, మీరు సంతకం పెట్టండి చాలు" అన్నారు ఇద్దరూ. షాపులో మళ్లీ నన్ను అడుగుతుంటే ఆవిడ విన్నారు. మిషను ఆపి, స్టూలు అమ్మ పక్కకు లాక్కుని, "ఉండండమ్మా, నేను చదివి చెప్తా" అని మొదటి పేజీ నుంచి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకొచ్చారు. బయట జనం నిలబడ్డారు. "ఆగండి, పెద్దామెకు చదువుతున్నా" అన్నారు వాళ్లతో.

హద్దుల దగ్గరికొచ్చాక, "మీ ఇంటి ముందు రోడ్డు ఏ పక్కమ్మా?" అని అడిగారు. ఉత్తరం అంది అమ్మ. డ్రాఫ్టులో దక్షిణం అని ఉంది! నాన్న కొన్నప్పటి పత్రం తీయించి నాలుగు హద్దులూ పోల్చి చూశారు. ఉత్తర దక్షిణాలు తారుమారయ్యాయి. కర్ణాటక రిజిస్ట్రేషన్ల వెబ్‌సైటు కావేరి 2.0లో అప్‌లోడ్ చేయకముందే దొరికింది కాబట్టి సరిపోయింది. రిజిస్టరయ్యాక బయటపడితే సవరణ పత్రం రాయించుకుని, అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ మళ్లీ ఆ ఆఫీసుకు రావాలి. అమ్మ మోకాళ్లతో ఆ మెట్లు మళ్లీ ఎక్కాలి.

నాకు గొంతు పూడుకుపోయింది మాత్రం ఆ తర్వాత. ఇక మీదట ఈ ఆస్తిపై నాకు గానీ నా వారసులకు గానీ ఏ హక్కూ లేదు అనే చోటు వస్తుంది కదా, దాన్ని ఆవిడ గబగబా చదివేయలేదు. "ఇప్పుడొచ్చేది వినడానికి కష్టంగా ఉంటుందమ్మా. అందరి పత్రాల్లోనూ ఇట్లే రాస్తారు, భయపడొద్దు" అని ముందే చెప్పి, అమ్మ ఊ అన్నాక చదివారు. అమ్మ కాసేపు ఊరుకుని, "సరే తల్లీ, ఇంక పెడతాను సంతకం" అంది. నేను షాపు బయటికొచ్చి ఏడ్చాను. ఇల్లు అమ్ముదామనుకున్నప్పటి నుంచి ఇంతమంది మాతో మాట్లాడారు. అమ్మతో మాట్లాడింది ఆవిడొక్కరే.

జిరాక్సులకు తప్ప రూపాయి ముట్టలేదు. వయసైనవాళ్ల వేలిముద్ర మిషను మీద ఒక పట్టాన పడదని చిన్న సీసాలో కొబ్బరినూనె కూడా ఇచ్చారు. వేలు కడిగి, కొంచెం రాసి తుడిచేయమన్నారు. ఇవాళ అదే చేశాం. ముద్ర పడింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2024 అక్టోబరు నుంచి బెంగళూరులో ఈ-ఖాతా (ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే నగరపాలక సంస్థ ఆన్‌లైన్ రికార్డు) లేకుండా రిజిస్ట్రేషన్ లేదు. దొంగ పత్రాలు తగ్గుతాయంటే మంచిదే. కానీ పాత పత్రాల్లో మనవాళ్ల ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పేరు కలవట్లేదంటారు. ఏమేం తేవాలో ఒక్కసారే చెప్పరు. ఒకటి తెస్తే ఇంకోటి అడుగుతారు. డెబ్భై దాటిన మనిషి తాను తానేనని ఎంతమందికి రుజువు చేసుకోవాలి? బ్యాంకు సంగతి ఇంకా అన్యాయం. ఇంటి పత్రాలు పెట్టి తీసుకున్న అప్పు తీరాక 30 రోజుల్లో అసలు పత్రాలు ఇవ్వాలనీ, ఆలస్యం వాళ్ల వల్లైతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలనీ రిజర్వు బ్యాంకు నియమం 2023 డిసెంబరు నుంచీ ఉంది. ఆ నియమం కాగితం చూపించేదాకా మా పత్రాలు కదల్లేదు. మీరూ ఒక కాపీ దగ్గర పెట్టుకోండి.

అయ్యో, ఆడిటర్ గారు! అమ్మ పాన్ ఆధార్‌తో లింకు కాలేదని ముందే చూశారు. లేకపోతే కొన్నవాళ్లు 1 శాతం బదులు 20 శాతం టీడీఎస్ (అమ్మకం డబ్బులోంచి ముందే మినహాయించే పన్ను) పట్టుకోవాల్సి వచ్చేది. పక్కింటి ఆంటీ రోజూ మధ్యాహ్నం అన్నం, చారు పంపారు. పెయింటర్ అన్న పండగ రోజు కూడా వచ్చి పని ముగించాడు. కొన్న కుటుంబానికి కూడా చాలా చాలా థ్యాంక్స్. బ్యాంకు దగ్గర మా పత్రాలు ఇరుక్కున్నప్పుడు ఒప్పందం గడువు వాళ్లంతట వాళ్లే పొడిగించారు, ఒక్క మాట అనలేదు.