చిన్నోడికి, సర్టిఫికెట్ గురించి

నాన్నా చిన్నోడా,

తిన్నావా? మొన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పింది విన్న కాడి నుంచి నాకు నిద్ర లేదు, అప్పుడు ఏం మాట్లాడాలో తెలీక ఊఁ అన్నాను గాని అది ఒప్పుకున్నట్టు కాదు, అందుకే పొద్దున్నే కూర్చుని ఇదంతా టైప్ చేస్తన్నాను, షిఫ్ట్ అయ్యాక నెమ్మదిగా చదువు, మధ్యలో వదిలీకు.

కాశీనగరం పక్క మెడికల్ షాపాయన షాపు లైసెన్సు కోసం నీ ఫార్మసీ సర్టిఫికెట్ పెట్టుకుంటాడు, నెలకి ఆరు వేలు అకౌంట్లో వేస్తాడు, నువ్వు హైదరాబాద్ లో నీ ఉద్యోగం చేసుకోవచ్చు, షాపు మొహం కూడా చూడక్కర్లేదు, అంతేనా? అందరూ ఇస్తన్నారమ్మా అన్నావు. ఇస్తన్నారు, నాకూ తెలుసు. అలా ఇస్తే ఏమవుద్దో కూడా తెలుసు, అది నీకు ఇన్నాళ్ళూ పూర్తిగా చెప్పలేదు.

నువ్వు ఇంటర్ పరీక్షలు రాస్తన్నప్పుడు మీ పెద్దమ్మకి జొరం అని చెప్పేం కదా. జొరం కాదు. దానికి కీళ్ళవాతం, విశాఖలో చూపిస్తే డాక్టరు గారు మెథోట్రెక్సేట్ రాసేరు, నువ్వు చదివే ఉంటావు, వారానికి ఒక్క రోజే వేసుకోవాల. బస్సుకి టైమైపోతందని అక్కడ కొనకుండా వచ్చీసి ఇక్కడ పర్లాకిమిడి షాపులో చీటీ చూపించింది. కౌంటర్లో ఉన్న గుంటడు చీటీ అటూ ఇటూ తిప్పి మాత్రలు ఇచ్చి, రోజుకొకటి అని కవరు మీద ఒడియాలో రాసేడు. పెద్దమ్మ పాతపట్నం పక్క పుట్టి పెరిగిన మనిషి, ఒడియా మాటాడతాది గాని చదవలేదు, వాడు నోటితో చెప్పిందే పట్టుకుని రోజూ వేసుకుంది. తొమ్మిదో రోజుకి నోరంతా పుళ్ళు, చిగుళ్ళంట రక్తం, గుక్కెడు మంచినీళ్ళు మింగలేకపోయింది. శ్రీకాకుళం తీసుకెళ్తే విశాఖ పొమ్మన్నారు, తెల్ల కణాలు ప్లేట్లెట్లు అన్నీ పడిపోయేయన్నారు, పద్దెనిమిది రోజులు దాని మంచం పక్కన నేనే ఉన్నాను. బతికింది, అది మా అదృష్టం.

తర్వాత నేనూ మీ నాన్నా ఆ షాపుకి వెళ్ళేం. గోడకి ఫ్రేము కట్టి సర్టిఫికెట్ ఉంది, దాని మీద ఒక అబ్బాయి ఫోటో. ఈయనేడీ అని అడిగేను. ఓనరు బరంపురం అన్నాడు, గుంటడు భువనేశ్వర్ అన్నాడు, ఆ అబ్బాయిని వాళ్ళెవరూ ఒక్కసారి కూడా చూడలేదు. తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు నాన్నా. నీ రిజిస్ట్రేషన్ ఫోటోకి చొక్కా ఇస్త్రీ చేసింది నేనే, గుర్తుందా. మొన్న నువ్వు ఆ మాట అనగానే నాకు ఆ గోడే కనిపించింది.

నిన్న సాయంత్రం మన వీధి చివర తాతగారిని అడిగేను, సర్కారు ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యేరు కదా, నీ పేరు చెప్పలేదులే. డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాలంటే రిజిస్టరైన ఫార్మసిస్టే ఇవ్వాలని 1948 ఫార్మసీ చట్టంలోనే ఉందట, 1945 డ్రగ్స్ రూల్స్ కూడా అదే చెప్తాయట, ఫార్మసిస్టు దగ్గరుండి చూస్తేనే చీటీ మందు అమ్మాలని. ఇంకోటి చెప్పేరు, అది విని నాకు గుండె జారిపోయింది. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అని జాగ్రత్తగా అమ్మాల్సిన మందుల జాబితా పెట్టేరు కదా, మొదట 46 మందులు, ట్రమడాల్ అనే నొప్పి మందు, ఆల్ప్రజోలం అనే నిద్రమాత్ర, టీబీ మందులు అలాంటివి, ఎవరు రాసేరు ఎవరికిచ్చేరు ఎన్ని ఇచ్చేరు అని వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్ళు ఉంచాలట. నువ్వు లేని షాపులో ఆ రిజిస్టర్ ఎవరు రాస్తారు? ఎవడో నీ పేరు మీద రాస్తాడు. ఆ నిద్రమాత్రలు ఏ కాలేజీ పిల్లలకో అమ్ముకుని రేపు లెక్క తేలకపోతే డ్రగ్ ఇన్స్పెక్టర్ నీకే ఫోన్ చేస్తాడు, ఫార్మసీ కౌన్సిల్ వాళ్ళు ఫార్మసిస్టుల రిజిస్టర్లోంచి నీ పేరు కొట్టీగలరు. రెండేళ్ళ డీఫార్మసీ, ఆ 500 గంటల ట్రైనింగు, రోజూ బస్సులో నిలబడి శ్రీకాకుళం వెళ్ళొచ్చింది, అంతా పోద్ది.

అయినా నా భయం ఇన్స్పెక్టర్ గురించి కాదు. గుమ్మ, సెరంగ కొండల నుంచి సవర గిరిజనులు సంతకి దిగుతారు, పిల్లకి దగ్గనో జొరమనో ముందు మెడికల్ షాపుకే వస్తారు, వాళ్ళకి ఆ కౌంటర్లో నిలబడ్డోడే డాక్టరు. ఈ పిల్ల బరువెంత, ముందు ఏం వేసేరు అని అడగాల్సిన మనిషివి నువ్వు. తనిఖీకి వచ్చినోళ్ళు కూడా కాయితం ఉందా లేదా చూసి వెళ్ళిపోతన్నారు, మనిషి ఏడని గట్టిగా అడిగితే సగం షాపులు ఇలా నడవవు, అది నాకు చాలా కోపం.

బండి ఈఎంఐకి ఇబ్బందిగా ఉందని తెలుసు. నా చిట్టీ వచ్చే నెల పాడతాను, నాలుగు నెలలది కట్టీయొచ్చు. నీకు షాపే కావాలంటే రా, ఇక్కడే పెట్టుకో, పొద్దున్నుంచి రాత్రి దాకా నువ్వే కూర్చో, అప్పుడు ఫ్రేము నేనే కట్టిస్తాను.

ఒరిజినల్ నా బీరువాలోనే ఉంది. ఆయన మనిషి శుక్రవారం వస్తాడన్నావు, నేను ఇవ్వను. వాళ్ళు ఊరికే రాకుండా ఈలోగా నువ్వే ఫోన్ చేసి చెప్పీ, జిరాక్సులు ఏవైనా ముందే పంపేవా అదీ చెప్పు, పంపుంటే మీ నాన్న వెళ్ళి వెనక్కి తెస్తారు.

అమ్మ
పర్లాకిమిడి