పక్క మంచం అవ్వకి కృతజ్ఞతలు

మాది శ్రీకాకుళం జిల్లా. ఉద్యోగానికని రేణిగుంట వచ్చిన కొత్తలోనే డెంగీ పట్టుకుని తిరుపతిలో ఆసుపత్రి పాలయ్యాను. అమ్మావాళ్లు రైలెక్కి వచ్చేదాకా నాకంటూ ఎవరూ లేరు. ఇక్కడి యాస సగం అర్థమయ్యేది కాదు.

మనవరాలికి తోడుగా ఉన్న పక్క మంచం అవ్వ అడక్కుండానే నన్నూ తన లెక్కలో వేసేసుకుంది. పొద్దున్నే క్యారియర్‌లో రాగి జావ తెచ్చేది. మజ్జిగ పోసి, ఉప్పేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు కలిపి. సెలైన్ సూదితో నా చెయ్యి కదిలేది కాదు. గ్లాసు తనే పట్టుకుని, గుక్క గుక్కకీ ఆగి, కొంగుతో నా మూతి తుడిచేది. ఆ ఓపిక మా అమ్మకి కూడా లేదు (అమ్మ చదివితే చదవనీ).

జ్వరం దిగగానే ఇంటికి పోతానని మొండికేశాను. "జొరం పోయినాకనే జాగర్త మా, లేసి తిరగబాకు" అంది. డాక్టరూ అదే చెప్పారు: డెంగీలో జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే ప్రమాదమని. ప్లేట్‌లెట్లు పెరిగాయనగానే నాకంటే ముందు తనే కొండవైపు తిరిగి దండం పెట్టింది.

అవ్వా, నేను మళ్లీ డ్యూటీకి వెళ్తున్నాను. జావ మాత్రం నా చేతిలో ఇంకా ఉండ కడుతోంది.