లాక్ వేస్తే చాలు అని చెప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ప్రోగ్రామింగ్ పాఠాలు ఇస్తున్నారు, చాలా మంచి పని, కానీ రెండు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులు) ఒకే అర్రే (వరసగా పేర్చిన డేటా) వాడే చోట "లాక్ వేస్తే చాలు", అంటే ఒకటి వాడుతుండగా రెండోది రాకుండా ఆపితే చాలు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు సరిగ్గా అక్కడే దెబ్బ తింటారు.

లాక్ వేస్తారు, వెక్టర్‌లో (సి ప్లస్ ప్లస్‌లో అవసరాన్ని బట్టి పెరిగే అర్రే) ఓ ఎలిమెంట్ అడ్రస్ పాయింటర్లో పెట్టుకుంటారు, అన్‌లాక్ చేసేసి ఆ తర్వాత తీరిగ్గా ఆ పాయింటర్‌తో చదువుతుంటారు. ఈలోగా ఇంకో థ్రెడ్ పద్ధతిగా లాక్ వేసుకునే పుష్ బ్యాక్ చేస్తుంది, అంటే చివర్లో కొత్త ఎలిమెంట్ చేరుస్తుంది, చోటు నిండిపోయి ఉంటే వెక్టర్ వేరే చోట మెమరీ తీసుకుని డేటా అంతా అక్కడికి మార్చి పాతది ఫ్రీ చేసేస్తుంది, మన పాయింటర్ మాత్రం ఆ పాత అడ్రస్సే పట్టుకుని ఉంటుంది. ఇద్దరూ లాక్ వేశారు, అయినా పని చెడింది. ప్రోగ్రామ్ క్రాష్ అయితే నయం, తప్పుడు నంబర్లు ఇస్తూ నడిచిందంటేనే నరకం.

విండోస్‌లో సేఫ్ అర్రే లాక్ అని ఒక ఫంక్షన్ ఉంది, ఆ పేరు చూసి చాలామంది నమ్మేస్తారు. అది చేసేది లాక్ కౌంట్ ఒకటి పెంచడం, దాంతో ఆ కౌంట్ సున్నాకి వచ్చేదాకా అర్రే సైజు మార్చబోయినా, డిస్ట్రాయ్ చేయబోయినా ఎర్రర్ వస్తుంది. రెండో థ్రెడ్ అందులో రాయకుండా మాత్రం అది ఆపదు! దానికి విడిగా మ్యూటెక్సో క్రిటికల్ సెక్షనో (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే లాక్‌లు) పెట్టుకోవాల్సిందే. పైగా మధ్యలో ఎర్రర్ వచ్చి అన్‌లాక్ చేయకుండా రిటర్న్ అయిపోతే కౌంట్ అలాగే ఉండిపోతుంది, ఇక ఆ మెమరీ ఫ్రీ అవ్వదు. సి ప్లస్ ప్లస్‌లో 2011 నుంచి లాక్ గార్డ్ ఉంది కదా, ఫంక్షన్‌లోంచి ఎటునుంచి బయటపడ్డా మ్యూటెక్స్‌ని అదే వదిలేస్తుంది, మొదటి రోజు నుంచే అది అలవాటు చేయించాలి. రస్ట్ భాషలో ఇంకా నయం, డేటానే మ్యూటెక్స్ లోపల పెడతారు కాబట్టి గార్డ్ పోయాక (అంటే లాక్ వదిలేశాక) ఆ రిఫరెన్స్ వాడితే అసలు కంపైలే అవ్వదు.

ఇది చిన్న విషయం కాదండి, 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో కోట్ల మందికి కరెంట్ పోయినప్పుడు ఒహాయోలో కంట్రోల్ రూమ్ అలారాలు మోగకపోవడానికి కారణం ఇలాంటి రేస్ కండిషనే (థ్రెడ్లలో ఏది ముందు, ఏది వెనక నడిచిందన్నదాన్ని బట్టి ఫలితం చెడిపోయే తప్పు). కరెంట్ పోవడానికి అదొక్కటే కారణం కాదు గానీ, అలారాలు పనిచేయక అక్కడి ఆపరేటర్లకి ఏం జరుగుతోందో చాలాసేపు తెలియలేదు.

వచ్చే పాఠంలో దయచేసి ఆ వెక్టర్ ఉదాహరణ కోడ్‌తో సహా వేయండి, థ్రెడ్ శానిటైజర్‌ (ఇలాంటి తప్పుల్ని ప్రోగ్రామ్ నడుస్తుండగా పట్టే టూల్) ఆన్ చేసి రన్ చేసి చూడమనండి. చోటు సరిపోకపోతే మ్యూటెక్స్ నిర్వచనం తీసేసినా పర్లేదు.

ఇట్లు,
ఒక సిస్టమ్స్ ప్రోగ్రామర్