కీమోలో తూకం చెప్పే అబద్ధం

సంపాదకులకు,

రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకునేవారికి ఆరోగ్య పేజీలు తరచూ చెప్పేది రెండే ముక్కలు: బలమైన తిండి తినండి, బాగా విశ్రాంతి తీసుకోండి. చాలా క్యాన్సర్లలో మనిషి చిక్కిపోతే, ఇందులో చాలామంది బరువు పెరుగుతారు. వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది, నీరసం నడక తగ్గిస్తుంది. కొవ్వు చేరుతుంటే అడుగున కండ కరుగుతుంటుంది. తూకం యంత్రానికి ఆ తేడా తెలియదు. ‘తగ్గలేదుగా’ అని ఇంట్లోవాళ్లు ఊరట పడతారు.

కిడ్నీ జబ్బు లేనివారికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి 72–90 గ్రాములు. గుడ్డులో ఉండేది 6, పావు లీటరు పాలలో 8. ఒక్క పూటలో పూడేది కాదు, ప్రతి పూటకూ పంచాలి. మందు ఎక్కించాక రెండు మూడు రోజులు మాత్రం ఈ లెక్కతో వేధించొద్దు. వేడి తిండి వాసనకే కడుపులో తిప్పుతుంది కాబట్టి చల్లారినవే కొద్దికొద్దిగా పెట్టాలి. ఆమెకు బాగా ఇష్టమైన వంటకం అప్పుడు పెట్టకపోవడమే మేలు: వికారంతో ముడిపడితే తర్వాత కూడా ముట్టబుద్ధి కాదు.

సాధారణంగా మందు ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అందుకే పచ్చి గుడ్డు, కాచని పాలు, సరిగా ఉడకని మాంసం వద్దు. పండ్లు పూర్తిగా మాన్పిస్తే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని మాత్రం రుజువు కాలేదు. శుభ్రంగా కడిగితే చాలు. జ్వరం 100.4 ఫారన్‌హీట్‌కు చేరితే పారాసిటమాల్ వేసి చూద్దామనుకోకుండా, అర్ధరాత్రైనా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. మాత్ర జ్వరాన్ని దాచేస్తుంది, ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది.

ఇక విశ్రాంతి. కీమో నీరసం పడుకుంటే పోయే రకం కాదు. డాక్టరు సరేనంటే 10 నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారానికి మూడు రోజులు అరగంటకు చేరాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడేంత ఊపిరి మిగలకూడదు. కండ కోసం వారానికి రెండు రోజులు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, 8–10 సార్లు. పాక్లిటాక్సెల్ అనే కీమో మందుతో అరికాళ్లు తిమ్మిరెక్కినవారు ట్రెడ్‌మిల్ మీద తూలిపడొచ్చు. కదలని సైకిల్ నయం. ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసినవైపు చేయి వాస్తుందని, ఆ చేత్తో జన్మలో బరువెత్తొద్దనడం పాత మాట. చికిత్స ముగిసి చేయి వాచిన మహిళలు శిక్షకుల పర్యవేక్షణలో మెల్లగా బరువులు పెంచుతూ పోయినా వాపు పెరగలేదని 2009లో ఒక అధ్యయనం చూపింది. జ్వరం, ఛాతీ నొప్పి, తల తిరగడం ఉంటే ఆ రోజుకు వ్యాయామం లేదు.

బలానికని ఎవరో ఇచ్చిన మూలికా పొడులు, విటమిన్ మాత్రలు కొన్ని కీమో మందు పనితీరునే మార్చేయగలవు. మీ ఆరోగ్య పేజీలో వాటిని సూచించే ముందు దయచేసి ఒక క్యాన్సర్ వైద్యుడికి చూపించండి.

ఇట్లు,
క్యాన్సర్ రోగులతో పనిచేసే ఒక డైటీషియన్, ఒక ఫిజియోథెరపిస్ట్