తాటివనం దగ్గరే నీరా అమ్ముకోనివ్వండి

ఉమ్మడి నల్గొండ జిల్లాలో తాటిచెట్లు వెంచర్ల కింద పోతున్నాయి, వాటినే నమ్ముకుని కల్లు గీసే గీత కుటుంబాలకు మాత్రం ఎవరూ దారి చూపడం లేదు. నాసిక్‌లో ద్రాక్షతోటల కుటుంబాలు పర్యాటకులను తోటకే రప్పించి, వైన్ అక్కడే రుచి చూపించి భూమిని నిలబెట్టుకుంటున్నాయని చదివాక మన వనాలే గుర్తొచ్చాయి. తాటిచెట్టుకు నీళ్లు పెట్టక్కర్లేదు, మందు కొట్టక్కర్లేదు, కానీ గీతకు రావాలంటే పదిహేనేళ్లయినా పడుతుంది, జేసీబీకి పది నిమిషాలు చాలు. మా భువనగిరి వైపు గౌడన్నలు తెల్లవారకముందే మోకు, ముత్తాదుతో చెట్టెక్కి సున్నం పూసిన లొట్టి (కుండ) దించితే నీరా, అంటే పులియని తాటి రసం, తేటగా, తియ్యగా ఉంటుంది, ఎండెక్కిందంటే పులిసి కల్లయిపోతుంది, కాబట్టి దాన్ని తాగాల్సింది చెట్టు కిందే. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ పెట్టారు, మంచిదే, మరి చెట్టున్న ఊళ్లో ఏది? 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామంగా గుర్తించిన పోచంపల్లికి, యాదగిరిగుట్టకు వచ్చేవాళ్లు దారిలో కూల్‌డ్రింకులు తాగి వెళ్లిపోతున్నారు. పర్యాటక, ఎక్సైజ్ శాఖలు కలిసి గీత కుటుంబాలకే పొద్దున పూట వనంలో నీరా, ముంజలు అమ్ముకునే అనుమతి, ఐస్ బాక్సులు, ఓ షెడ్డు, మరుగుదొడ్డి ఇవ్వాలి, చెట్టు మీంచి పడిపోకుండా కాపాడేందుకు 2024లో మొదలైన కాటమయ్య రక్షణ కిట్లు చెట్టెక్కే ప్రతి ఒక్కరికీ అందాలి, లేఅవుట్‌కు సంతకం పెట్టేముందే అక్కడి తాటిచెట్లకు నంబర్లు వేసి లెక్క తీయాలి.

– ఒక పాఠకుడు, భువనగిరి