బాలల సంతకు ముందు: ఇంట్లోంచి ఇచ్చిన సరుకుకూ చీటీ రాయండి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు, మన బడి ఆవరణలో 8, 9 తరగతుల పిల్లలు సంత పెడుతున్నారు. అయిదుగురికో దుకాణం. సరుకు వాళ్లే ఎంచుకుంటారు, ధర వాళ్లే కడతారు, లెక్క వాళ్లే రాస్తారు. 6, 7 తరగతుల వాళ్లు కొనేవాళ్లుగా వస్తారు. వాళ్లకు 50 రూపాయలకు మించి ఇచ్చి పంపకండి, ఏం కొన్నారో నోటు పుస్తకంలో రాసుకోమని చెప్పండి. మిమ్మల్ని పిలవడానికే అయితే నాలుగు మాటలు చాలు. కానీ పిల్లలకు ఈ సంతలో ఎంత ఒంటబడుతుందనేది సగానికి పైగా మీ చేతిలో ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బడి సంతల్లో పిల్లలు చూపించే లాభం చాలాసార్లు లాభం కాదు. పల్లీలు ఇంటి డబ్బాలోవి. బెల్లం ఇంటిదే. చేసిపెట్టింది అమ్మ. పిల్లలు తమ జేబులోంచి తీసింది కవర్ల డబ్బులొక్కటే. సాయంత్రం పెట్టెలో ఉన్నదంతా తమ సంపాదనే అనుకుంటారు.

పల్లీ ఉండల లెక్కే చూడండి. పల్లీలు కిలో 140 రూపాయలు, బెల్లం ముప్పావు కిలో 45, నెయ్యి 20, యాలకులు 5, గ్యాసు 15, కవర్లు 15. మొత్తం 240. (మీ వీధి కొట్టులో ధరలు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.) పల్లీలు వేయించి పొట్టు చెరిగేసరికి వంద గ్రాముల దాకా తగ్గుతాయి. ఉండ 25 గ్రాముల చొప్పున చుడితే 64 వస్తాయి. చిదిగినవీ, రుచి చూసినవీ నాలుగు తీసేస్తే అమ్మకానికి మిగిలేవి 60. అంటే ఉండకు నాలుగు రూపాయల ఖర్చు. 64తో భాగిస్తే 3 రూపాయల 75 పైసలు వస్తుంది, పిల్లలు చేసే మొదటి పొరపాటు అదే. ఖర్చును పంచాల్సింది అమ్ముడయ్యే ఉండలకు, చుట్టిన ఉండలకు కాదు.

ఉండ అయిదు రూపాయలకు అమ్మితే 300 వస్తుంది. 60 లాభం అనిపిస్తుంది. ఇప్పుడు అమ్మ కూలి కలపండి. రెండు గంటల పని, గంటకు 50 చొప్పున 100. ఖర్చు 340కి చేరింది. 60 లాభం కాస్తా 40 నష్టమైంది. ఇంటి సరుకు, అమ్మ పని ఏదీ రాయని పిల్లవాడి పుస్తకంలో మాత్రం కవర్లు 15 పోను 285 లాభం అని ఉంటుంది. అవే ఉండలు, అదే రోజు. ఈ తేడా పిల్లలు తమ చేత్తో రాసి చూసుకోవాలి, సంత పెట్టిస్తున్నది అందుకే.

సొంత మనుషుల కష్టానికి లెక్క కట్టడం మనకు కొత్తేమీ కాదు. కేంద్రం మద్దతు ధరలు ప్రకటించేటప్పుడు చూసే ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ లెక్కలో రైతు చేతి నుంచి పెట్టిన ఖర్చుతో పాటు, ఇంటిల్లిపాదీ పొలంలో చేసిన పనికీ విలువ కడతారు. సీ2 లెక్కలో సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా చేరతాయి. మీలో వ్యవసాయం చేసేవాళ్లకు గిట్టుబాటు అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ మాటను పిల్లలకు ఉండల లెక్కలో చూపిస్తున్నాం.

మరి ఉండ ఎంతకు అమ్మాలి? ఏడు రూపాయలంటే గిట్టుతుంది, కానీ ప్రతి బేరానికీ చిల్లర దగ్గర ఆగిపోతారు. మూడు ఉండల పొట్లం 20 రూపాయలు అంటే చిల్లర తేలిక, కవర్లూ 20 చాలు. 20 పొట్లాలూ అమ్ముడైతే 400. ఖర్చు 340 పోను 60 మిగులు. పది పొట్లాల దగ్గరే అమ్మకం ఆగిపోతే ఎంత పోతుందో కూడా ముందే లెక్క కట్టి ఉంచుకోమన్నాం.

ఉండలు పెట్టేవాళ్లకు ఒక జాగ్రత్త. పాకం చుక్క చల్లటి నీళ్లలో వేసి, గట్టిపడ్డాక పళ్లెంలోకి విసిరితే ఠంగుమనాలి. అంతకంటే లేతగా దించితే పొట్లంలో ఒకదానికొకటి అంటుకుపోతాయి, మధ్యాహ్నానికి ఎవరూ కొనరు. ముదిరితే ఉండ కట్టకముందే గట్టిపడి విడిపోతుంది. మరిగే పాకం ఒంటిమీద పడితే అంటుకుని బాగా కాలుస్తుంది కాబట్టి ఆ పని పెద్దవాళ్లే చేయాలి. పిల్లలు పల్లీలు చెరగడం, తూకం వేయడం, పొట్లాలు కట్టడం చేస్తారు. బడి ఆవరణలో నూనె పొయ్యిలు పెట్టనివ్వం.

ఏం అమ్మాలో తేల్చుకోవడానికి ప్రతి జట్టూ 20 మందిని అడగాలి. "మేం నిమ్మసోడా పెడితే కొంటావా?" అని అడిగితే అందరూ కొంటామనే అంటారు. స్నేహితుడి ముఖం మీద కాదనలేరు కదా. అందుకని "నిన్న ఇంటర్వెల్లో ఏం కొన్నావు? ఎంత పెట్టావు?" అని అడగమన్నాం. ఈ ప్రశ్నకు ఊహ కాదు, జరిగింది జవాబుగా వస్తుంది. మూడు జట్లకు మించి ఒకే సరుకు ఎంచుకుంటే ఆ జట్ల నాయకులు కూర్చుని మాట్లాడుకోవాలి. ఎవరు తప్పుకోవాలో మేం చెప్పం, మీరూ చెప్పకండి.

చిల్లర కోసం ఒక్కో జట్టుకు బడి 300 రూపాయలు అప్పిస్తుంది: పది రూపాయల నోట్లు పది, ఇరవై నోట్లు అయిదు, అయిదు రూపాయల బిళ్లలు ఇరవై. నూటికి నెలకు రూపాయి వడ్డీ, అంటే నెల తిరిగేసరికి మూడు రూపాయలు. సాయంత్రం పెట్టెలో 700 కనిపిస్తే అందులో 300 అప్పు, అమ్మకం 400. ఇది తీసేయడం మర్చిపోయి అప్పును కూడా లాభంలో పంచుకునే జట్టు తప్పకుండా ఒకటైనా ఉంటుంది. ముందు చెప్పిన 60 మిగులులో వడ్డీ పోను 57 రూపాయలు, అయిదుగురికి తలా 11 రూపాయల 40 పైసలు. ఇంతేనా అని మీ ముందు చిన్నబోవచ్చు. పై నుంచి డబ్బు వేసి ఆ అంకెను పెంచకండి. అది నిజమైన సంపాదన.

రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతమని, రెండు రూపాయలంటే 24 శాతమని, మూడంటే 36 అని ఈ అప్పుతోనే చెబుతున్నాం. ఎనిమిదో తరగతి చక్రవడ్డీ పాఠంలో శాతాలు ఉంటాయి, ఊళ్లో మాత్రం రూపాయల్లో మాట్లాడతారు. రెండూ ఒకటేనని పిల్లలకు తట్టదు. 72ను వడ్డీ శాతంతో భాగిస్తే చక్రవడ్డీ మీద అసలు రెట్టింపు కావడానికి సుమారు ఎన్నేళ్లు పడుతుందో వస్తుంది: 12 శాతానికి ఆరేళ్లు, 24కు మూడేళ్లు. మీ ఇంట్లో అప్పులు, చిట్టీల మాటలు పిల్లల ముందు ఎంతవరకు మాట్లాడాలన్నది మీ ఇష్టం. కరెంటు బిల్లు మాత్రం వాళ్ల చేతికివ్వండి. పాత రీడింగు, కొత్త రీడింగు, శ్లాబులు చూసి బిల్లు ఎంతో వాళ్లే కట్టి చెప్పాలి.

పొదుపు సంఘాల్లో ఉన్న అమ్మలకు ప్రత్యేకంగా ఒక విన్నపం. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో తిరిగి చెల్లించడం, పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాలు మీకు కంఠతా వచ్చు. సంఘం పుస్తకం ఎలా నింపుతారో చూపించడానికి మీలో ఇద్దరు ముగ్గురు సంతకు వారం ముందు ఒక పీరియడు వస్తే బాగుంటుంది. తేదీ వేయడం, అందరి ముందూ లెక్క చదివి సంతకాలు తీసుకోవడం మీరు చేసి చూపిస్తే పిల్లలకు తొందరగా ఎక్కుతుంది.

ఈసారి సంతలో నగదే. క్యూఆర్ కోడ్ పెడితే డబ్బు ఏదో ఒక నాన్నగారి ఖాతాలో పడుతుంది, జట్టు పుస్తకంలోకి రాదు, సాయంత్రం లెక్క తేలదు. యూపీఐ గురించి తరగతిలో విడిగా చెబుతున్నాం. అందులో ముఖ్యమైనది మీరు కూడా ఇంట్లో అనండి: డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. పిన్ అడిగారంటే డబ్బు పోతున్నట్టే. మోసపోతే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. తిడతారని భయపడి పిల్లలు దాచిపెడితే ఆలస్యమైపోతుంది.

పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరున సేవింగ్స్ ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు చెబుతోంది. ఎంతవరకు అనే పరిమితి ఆయా బ్యాంకులు పెట్టుకుంటాయి, మీ బ్రాంచిలో అడగండి. పోస్టాఫీసులోనూ పదేళ్లకే వీలుంది, ఖాతాకు 500 రూపాయలు కావాలి. ఖాతా తెరిచేటప్పుడు ఫారం పిల్లల చేతే నింపించండి.

సంత రోజున ముందు వేరే పిల్లల దుకాణాల దగ్గర కొనండి. మీ అమ్మాయి సరుకంతా మీరే కొనేస్తే ఆమె ధర సరిపోయిందో లేదో ఎప్పటికీ తెలియదు. ఆఖరి అరగంటలో మిగిలిన సరుకు ఏం చేయాలో కూడా పిల్లలకే వదిలేయండి. మజ్జిగ రేపటికి ఉండదు, కాబట్టి ఖర్చు కంటే తక్కువకు ఇచ్చినా వచ్చినంత నయం. ఉండలు వారమైనా ఉంటాయి, తొందరపడి ధర దించక్కర్లేదు.

ఇంట్లోంచి ఏది ఇచ్చినా, గుప్పెడు యాలకులైనా, తూకమూ ధరా రాసిన చీటీ ఇవ్వండి. పని చేసిపెడితే ఎన్ని గంటలో రాయండి. చీటీలు నవంబరు 13 సాయంత్రం లోపు జట్టు పుస్తకంలో అంటించాలి. 15న పిల్లలు మీ సరుకు డబ్బూ, కూలీ కవరులో పెట్టి ఇంటికి తెస్తారు. "మన దగ్గర మనకు డబ్బులేంటమ్మా" అని తిప్పి ఇవ్వకండి. లెక్కపెట్టుకుని తీసుకుని, అందినట్టు పుస్తకంలో సంతకం పెట్టి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు